ఒక్కదాని కోసం

“మన పిచ్చుక హాస్టల్లో మాంసం మానేసిందట. పండుగ నాడు దానికి వేరేగా ఏదైనా చెయ్యి,” అన్నాడు భర్త మేజోళ్ళు తొడుక్కుంటూ. రేపు కుళాయి రాదట అన్నంత తేలిగ్గా అన్నాడు.

ఆమె అప్పుడు బ్రెడ్డు ముక్కలకి వెన్న రాస్తోంది. ఆయన డబ్బాలోకి నాలుగు, తన డబ్బాలోకి రెండు, అత్తగారికి అంచులు కోసేసినవి రెండు. పదిహేడు నిమిషాల్లో ఆమె బస్సు. అయినా చేతిలో కత్తి ఆగిపోయింది.

“ఎవరు చెప్పారు?”

“అదే చెప్పింది నిన్న ఫోన్లో. నెలన్నర అయిందట మానేసి. అందరం తింటుంటే పిల్ల ఒక్కతీ బంగాళాదుంపలు కొరుక్కుంటూ కూర్చుంటే ఏం బావుంటుంది చెప్పు? కోడిలో కూరుతావే ఆ స్టఫింగ్, అదే కోడి తగలకుండా కాయగూరలతో చెయ్యి. నీకదెంతసేపు!”

డబ్బా తీసుకుని, బూట్ల చప్పుడు చేసుకుంటూ మెట్లు దిగిపోయాడు. ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పక్క సీట్లో కూర్చుని, ఎవరెవరో తప్పుగా తిప్పే స్టీరింగుని చూస్తూ “పర్లేదు, పర్లేదు, మళ్ళీ చూద్దాం” అంటాడు. ఓపికమంతుడని ఊళ్ళో మంచి పేరుంది.

ఆమె వెన్న రాయడం పూర్తి చేసింది. పిల్ల ఒక్కతీ బంగాళాదుంపలు కొరుక్కుంటూ కూర్చుంటే ఏం బావుంటుంది. ఆ మాట చెవిలో చీమ దూరినట్టు లోపలే తిరుగుతోంది. ఇరవయ్యొక్క పండుగల పాటు ఆ బల్ల చివర బంగాళాదుంపలు కొరుక్కుంటూ ఒక మనిషి కూర్చుంది. ఆయనకి సరిగ్గా ఎదురుగానే కూర్చుంది.

ఆమె తండ్రి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. పగలంతా మేకల కాళ్ళకి కట్లు కట్టి, ఈనలేక అల్లాడే ఆవు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కోళ్ళ గొంతుల్లో చుక్కల మందు పోసి, సాయంత్రం ఇంటికొచ్చి వాటినే పళ్ళెంలో చూడటం తన వల్ల కాదన్నాడాయన. నిష్ఠా నియమం ఏమీ లేదు. వల్ల కాదన్నాడు, ఇంట్లోవాళ్ళు సరే అన్నారు, అంతే. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకి అది కూడా తిండే అన్న ఊహ లేదు.

పెళ్ళయ్యాక మొదటి పండుగ. అప్పటికి మామగారు ఉన్నారు. పొడుగు బల్ల, మధ్యలో నెత్తిన వెన్న నిగనిగలాడుతూ పెద్ద కోడి, దాని పొట్ట నిండా కూరిన బ్రెడ్డూ కార్జమూ. అత్తగారు ఆమె పళ్ళెంలో తొడ ముక్క వేసింది. “నేను తిననండీ,” అంది ఆమె. గొంతు పీలగా వచ్చింది గానీ, వచ్చింది. బల్ల చుట్టూ చెంచాల చప్పుడు ఆగిపోయింది.

“ఒక్కదాని కోసం రెండు వంటలా?” అంది అత్తగారు, ఆమెతో కాదు, గోడతో. మామగారు దగ్గారు. ఆడపడుచు చేతిరుమాలు చాటున నవ్వుకుంది. బల్ల కింద భర్త పాదం వచ్చి ఆమె పాదాన్ని నొక్కింది. “ఒక్క ముక్కేగా. అమ్మ చిన్నబుచ్చుకుంటుంది,” అన్నాడు చెవిలో, ఎంతో ప్రేమగా. ఆమె ఆ ముక్కని మాత్ర వేసుకున్నట్టు నీళ్ళతో మింగింది. తర్వాత స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున కక్కుకుంది. ముఖం కడుక్కుని బయటికి రాగానే, “చూశావా, ఏమైంది? అదే అలవాటవుతుంది,” అన్నారు బల్ల దగ్గర అందరూ.

అలవాటయింది, తినడం కాదు, తిన్నట్టు కనబడటం. అందరికీ వడ్డించే మనిషి పళ్ళెంలోకి ఎవరూ తొంగిచూడరని ఆమె తొందరగానే కనిపెట్టింది. ఒక రెక్క ముక్క వేసుకుని, దాన్ని అటూ ఇటూ జరిపి, గిన్నెలు తీసేటప్పుడు ఎముకల్లో కలిపేసేది. చల్లటి కోడి పొట్టలోకి మణికట్టు దాకా చెయ్యి పెట్టి లోపలివన్నీ లాగెయ్యడం, తోలు కింద వేళ్ళు పోనిచ్చి వెన్న రాయడం, కాళ్ళు దారంతో కట్టడం నేర్చుకుంది. రుచి చూడకుండా వాసనతోనే ఉప్పు పోల్చుకోవడం నేర్చుకుంది. “మా కోడలి చేతిలో పడితే ఆ కోడి పుణ్యం చేసుకున్నట్టే,” అని అత్తగారే నలుగురిలో చెప్పుకునేదాకా వచ్చింది. సిగ్గుపడాల్సిన సంగతేంటంటే, ఆ మెప్పుకి ఆమె పొంగిపోయేది కూడా.

కడుపుతో ఉన్నప్పుడు, అయిదో నెలలో, కళ్ళు తిరిగి పడిపోతే అత్తగారు స్వయంగా జావ కాచి తెచ్చింది. ఆ ఇంట్లో ఆమెకంటూ ఎవరైనా వండిపెట్టడం అదే మొదటిసారి. కళ్ళనీళ్ళు తిరిగాయి. రెండు గిన్నెలు తాగింది. మర్నాడు వరండాలో పక్కింటావిడతో అత్తగారు, “కోడి ఉడికించిన నీళ్ళతో కాచాను. గుటగుటా తాగేసింది. చచ్చిందా?” అంటుంటే కిటికీ ఇవతల నిలబడి వింది. ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పుడు కడుపులో ఉన్నది పిచ్చుక. తక్కువ బరువుతో పుట్టి, గుప్పెట్లో ఇమిడిపోయిందని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు దానికి పంతొమ్మిదేళ్ళు. వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఒక్కగానొక్క పిల్ల.

ఆ సాయంత్రం ఉద్యోగం నుంచి రాగానే, చేతిసంచీ కూడా కింద పెట్టకుండా, పిల్ల మాంసం మానేసిన కబురు ఆమే అత్తగారి చెవిన వేసింది. వేసి, ఎదురుచూస్తూ నిలబడింది. దేనికోసం? ‘ఒక్కదాని కోసం రెండు వంటలా?’ అన్న మాట కోసం. ఆ మాట పడితే తను పిల్ల వైపు నిలబడి పోట్లాడుతుంది. కావలసినంత కోపం మూటగట్టుకుని బస్సు దిగింది.

అత్తగారు కళ్ళజోడు ముక్కు మీదికి దించి చూసింది. “అయ్యో పిచ్చితల్లి! హాస్టల్లో ఏం తిని బతుకుతోందో. కోడి చేసిన పళ్ళెంలో దానిది పెట్టకండర్రా, వాసన అంటుకుంటుంది. వాడితో చెప్పి కొత్తది ఒకటి తెప్పించు. అక్రోట్లు వేస్తే బలం. నేను ఒలిచి పెడతాలే,” అంది.

మూట విప్పడానికి చోటు లేకుండా పోయింది. ఆమె వంటగదిలోకి వెళ్ళి, అవసరం లేకపోయినా రెండు గిన్నెలు తోమింది.

ఆమె కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన ఇనుప చట్రం పెట్టి, అద్దాలు ఒక్కొక్కటే మారుస్తూ, “ఇది బావుందా, ఇందాకటిది బావుందా?” అని అడుగుతుంది. రోజుకి నలభైమందినైనా అడుగుతుంది. కొందరు తేల్చుకోలేక విసుక్కుంటారు. ఆమె మళ్ళీ మొదటినుంచి అడుగుతుంది. మర్నాడు మధ్యాహ్నం కౌంటరు దగ్గరుండే అమ్మాయితో డబ్బా విప్పుకుని కూర్చున్నప్పుడు మాటల్లో మాటగా ఈ సంగతి చెప్పింది. “మీ అత్తగారు ఎంత మంచివారండీ! మా ఇంట్లో అయితే ఇల్లు పీకి పందిరేసేవాళ్ళు. మీ అమ్మాయి అదృష్టవంతురాలు,” అందా అమ్మాయి.

“అవును,” అంది ఆమె. మిగిలిన బ్రెడ్డు డబ్బాలో పెట్టి మూత వేసింది.

అదృష్టవంతురాలు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా లోపల ఏదో పులిసిపోతున్నట్టుండేది. మొదట్లో అది కోపం అనుకుంది. అత్తగారి మీద, భర్త మీద కోపం అయితే బానే ఉండును, న్యాయమైన కోపం, నలుగురికీ చెప్పుకోవచ్చు. కానీ బస్సు కిటికీ దగ్గర కూర్చుని ఎంత నిజాయితీగా తవ్వి చూసుకున్నా, ఆ మంట పోయి పోయి పిచ్చుక మీదే ఆగుతోంది. కడుపున పుట్టిన పిల్ల మీద కుళ్ళు! ఆ పిల్లకి జ్వరమొస్తే తను నిద్రపోలేదు. దాని పాలపళ్ళు ఇప్పటికీ అలమారలో చిన్న డబ్బాలో ఉన్నాయి. అయినా కుళ్ళే. పిచ్చుక ఏడవలేదు, బతిమాలలేదు, కుళాయి చాటున కక్కుకోలేదు. ఫోన్లో ఒక మాట అంది. ఇల్లంతా లేచి నిలబడి దారి ఇచ్చింది.

శనివారం భర్త కొత్త గాజు పళ్ళెం కొనుక్కొచ్చాడు, మూతతో సహా. పెళ్ళయ్యాక ఆయన వంటగది కోసం తనంతట తాను కొన్న మొదటి వస్తువు అది. దాన్ని పసిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకొచ్చి, “ఇది పిచ్చుకది. ఇందులో ఇంకేం వండొద్దు,” అన్నాడు. అత్తగారు మూడు మధ్యాహ్నాలు వరండాలో కూర్చుని అక్రోట్లు ఒలిచింది. వేళ్ళ కణుపులు వాచిన మనిషి. గిన్నె మూత కూడా కోడలే తీసిపెట్టాలి ఆవిడకి. ఆ వేళ్ళతో ఒక్కొక్క పప్పునీ విరగకుండా తీస్తుంటే, పొయ్యి దగ్గరనుంచి చూస్తూ ఆమె అనుకుంది: ‘నాకోసం ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఒలిచి ఉంటే, నేను ఈవిడ కాళ్ళు పట్టేదాన్ని.’

పండుగ ముందురోజు పిచ్చుక దిగింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. నానమ్మని వాటేసుకుని గిరగిరా తిప్పబోతే ఆవిడ కెవ్వుమంది. కొత్త పళ్ళెం చూసి, ఒలిచిన అక్రోట్లు చూసి, “నాన్నా! నానమ్మా! మీరు బంగారాలు!” అంటూ గంతులేసింది. తర్వాత వంటగదిలోకి వచ్చి, గట్టు మీదికెక్కి కూర్చుని, ఆమె తరుగుతున్న ముల్లంగి ముక్క ఒకటి నోట్లో వేసుకుంది.

“నేనెంత భయపడ్డానో తెలుసా అమ్మా? మా రూమ్మేటు వాళ్ళింట్లో పెద్ద గొడవైపోయిందట. మనింట్లో అసలు ఏమీ లేదు! నానమ్మ ఎంత చక్కగా అర్థం చేసుకుందో! నువ్వే, ఎందుకో ఫోన్లో ముభావంగా మాట్లాడావు. నీకిష్టం లేదా?”

“ఇష్టమేం, అయిష్టమేం. నీ తిండి నీది.”

“చూడు మళ్ళీ! నువ్వూ మానెయ్యమ్మా. చాలా సులువు. ఏముంది, తినను అని చెప్పెయ్యడమే. చెప్పేస్తే అయిపోతుంది.”

చెప్పేస్తే అయిపోతుంది. ఆమె వేలు తెగింది. “అయ్యో చూసుకోమ్మా,” అంటూ పిల్ల గట్టు దిగి కట్టు కోసం పరిగెత్తింది. ఆమె వేలు నోట్లో పెట్టుకుని నిలబడింది.

పండుగ నాడు పొద్దున్నే కోడి పని మొదలైంది. కడిగి, తుడిచి, వెన్న రాసి, పొట్టలో ఎప్పటి స్టఫింగ్ కూరి ఓవెన్లో పెట్టింది. మెడా కార్జమూ ఒక గిన్నెలో వేసి, చిక్కటి గ్రేవీ కోసం వెనక పొయ్యి మీద ఉడకబెట్టింది. పదింటికి పిచ్చుక వంట ఎత్తుకుంది. ముందురోజే ఆరబెట్టిన బ్రెడ్డు ముక్కలు, వెన్నలో ఎర్రగా వేగిన ఉల్లిపాయలు, పుట్టగొడుగులు, యాపిల్ ముక్కలు, అత్తగారి అక్రోట్లు, మిరియాల పొడి. ఒక గుమ్మడికాయ తొడిమ దగ్గర గుండ్రంగా కోసి, లోపల గుజ్జు తీసి గిన్నెలా చేసి పెట్టుకుంది. ఈ స్టఫింగ్ అందులో కూరి, కొత్త పళ్ళెంలో కాల్చాలి. చేస్తున్నంతసేపూ ఆమెకి నోరూరుతూనే ఉంది. ఆ వాసన ఆమె పుట్టింటి వాసనలా కూడా లేదు. అసలు ఎప్పుడూ ఎక్కడా దొరకని వాసన. తనకి ఏది తినాలనిపిస్తుందో అదే, ఏ మినహాయింపూ లేకుండా, ఇంకొకరి పేరు మీద తయారవుతోంది.

హాల్లో ఆడపడుచూ ఆవిడ భర్తా దిగారు. నవ్వులు మొదలయ్యాయి. “మా మనవరాలు చాలా పట్టుదల గల పిల్ల,” అంటోంది అత్తగారు. “ఒకటి అనుకుందంటే అంతే. ఎవరికీ లొంగదు.” ఆ గొంతులో గర్వం తొణికిసలాడుతోంది.

బ్రెడ్డు ఆరిపోయింది, కాస్త తడి చెయ్యాలి. కాయగూరలు ఉడికించిన నీళ్ళు కుడిచేతి వైపు ఉన్నాయి. కోడి నీళ్ళు వెనక ఉన్నాయి. ఆమె గరిటె తీసింది. చెయ్యి వెనక్కి వెళ్ళింది. ఎవరో పట్టుకుని నడిపించారని తర్వాత చెప్పుకోవాలనిపించింది గానీ, ఎవరూ లేరు. తనే ముంచింది. గరిటె నిండా, పైన నూనె బొట్లు తేలుతున్న కోడి నీళ్ళు, పిచ్చుక స్టఫింగ్‌లో పోసింది. ఇంకో గరిటె పోసింది. కలిపింది. కలుపుతుంటే అణువంత తృప్తి కలిగింది. తిను. నువ్వూ తిను. తిన్నాక ఏమవుతుందో నాకు తెలుసు, ఏమీ అవదు.

గుమ్మడికాయలో కూరి, మూత పెట్టి, ఓవెన్లో కింది అరలో పెట్టి తలుపు వేసింది. చేతులు కడుక్కుంది.

పావుగంటకి ఇల్లంతా వాసన కమ్ముకుంది. హాల్లోంచి ఆడపడుచు గొంతు: “ఏమే పిచ్చుకా, మీ అమ్మ అందులో కోడి ముక్క కలిపిందనుకో, నీకు తెలుస్తుందా? నన్నడిగితే ఓ గిన్నెడు కోడి నీళ్ళు పోస్తేగానీ దానికి రుచి రాదు!” అందరూ నవ్వారు.

“పో అత్తా! మా అమ్మ చేస్తే నేను చూసుకోనక్కర్లేదు. కళ్ళు మూసుకుని తినేస్తాను,” అంది పిల్ల.

వంటగదిలో ఆమె చేతిగుడ్డ గట్టు మీద పెట్టేసింది. పక్కనున్న స్టూలు మీద కూలబడింది. రెండు గిన్నెల జావ తాగిన రోజు తను కూడా చూసుకోలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకుని, గిన్నె అడుగు వేలితో నాకింది కూడా. ఒక మనిషి నమ్మకంతో నోరు తెరిచినప్పుడు ఆ అదను చూసి మోసం చెయ్యడంకన్నా నీచం ఇంకోటి లేదని ఆమెకి తెలుసు. ఈ ఇంట్లో ఆమెకే తెలుసు. తెలిసీ చేసింది.

లేచి, గుడ్డలు పట్టుకుని, ఓవెన్ తెరిచి, పళ్ళెం బయటికి లాగింది. గుమ్మడికాయని గుమ్మడికాయ పళంగా చెత్తబుట్టలో వేసింది. అది పెద్ద చప్పుడు చేసుకుంటూ పడింది.

భర్త పరిగెత్తుకొచ్చాడు. “ఏమైంది? మాడిందా?”

“మాడలేదు.”

“మరెందుకు పారేశావు?”

“అందులో కోడి నీళ్ళు పోశాను.”

ఆయన గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. పక్క సీట్లో కూర్చున్నప్పటి ఓపిక ముఖంలోకి వచ్చింది. “పర్లేదు, పర్లేదు. హడావుడిలో గరిటె మారిపోయి ఉంటుంది. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. పిల్లకి మాడిందని చెప్దాంలే.”

పిల్ల అప్పటికే గుమ్మంలో ఉంది. దాని వెనక ఆడపడుచు, ఆవిడ వెనక కర్ర పట్టుకుని అత్తగారు. ఆయన ఆ మాటతో ఒక తలుపు తెరిచి పట్టుకున్నట్టుంది. ఆమె దూరి తప్పించుకుంటే చాలు. పొరపాటు అంటే అయిపోతుంది. అందరూ అయ్యో అంటారు. మళ్ళీ వచ్చే ఏడు దాకా ఎవరికీ ఏమీ తెలియదు.

“పొరపాటు కాదు,” అంది ఆమె. “కావాలనే పోశాను.”

“ఎందుకమ్మా?” పిచ్చుక గొంతు చిన్నప్పటి గొంతులా వచ్చింది.

“కుళ్ళుతో.”

“ఎవరి మీద?”

“నీ మీదే.”

“ఇదేం పోయేకాలం!” అంది ఆడపడుచు. “కన్నకూతురి మీద కుళ్ళేంటి? వినేవాళ్ళుంటే ముక్కున వేలేసుకుంటారు.”

ఆమె ఆవిడ వైపు చూడలేదు. పిల్లనే చూస్తూ చెప్పింది. “నీకు కొత్త పళ్ళెం వచ్చింది. నానమ్మ వాచిన వేళ్ళతో నీకోసం అక్రోట్లు ఒలిచింది. నువ్వు ఫోన్లో ఒక్క మాట అన్నావు. నేనూ అన్నాను పిచ్చుకా. ఇంచుమించు నీ వయసులోనే, ఆ బల్ల దగ్గరే, నేను తిననండీ అన్నాను. అన్నాక తిన్నాను. కక్కుకున్నాను. నాకు ఎవరూ ఏమీ కొనలేదు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు నానమ్మ నాకు జావలో కోడి నీళ్ళు పోసింది. ఇవాళ నీకు నేను పోశాను. నీ తప్పేం లేదు. నువ్వు అడగ్గానే దొరకడం చూసి ఓర్చుకోలేకపోయాను.”

“నువ్వు తినవా?” పిల్ల మతిపోయినట్టు చూసింది. “నాకు కోడి కూరతో ముద్దలు కలిపి పెట్టేదానివి కదా. నీ పళ్ళెంలో ఎప్పుడూ...”

“ఎప్పుడూ ఒక రెక్క ముక్క ఉండేది. దాన్ని నేను తినడం ఎవరైనా చూశారేమో అడుగు.”

వెనక పొయ్యి మీద కోడి నీళ్ళు తెర్లుతున్నాయి. భర్త వెళ్ళి పొయ్యి ఆర్పాడు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి ఆర్పినట్టుంది.

“నువ్వు మళ్ళీ ఎప్పుడూ అనలేదుగా,” అన్నాడు పొయ్యి వైపే చూస్తూ. “ఒక్కసారేగా చెప్పావు? ఇంకోసారి గట్టిగా చెబితే నేనేమైనా...”

“అది ఎన్నిసార్లు చెప్పిందండీ?”

ఆయన పొయ్యి మీది గిన్నెకి మూత పెట్టాడు.

అత్తగారు కర్ర ఆనించుకుని నెమ్మదిగా స్టూలు మీద కూర్చుంది. ఆవిడ ఏడుస్తుందేమో, శాపనార్థాలు పెడుతుందేమో అని అందరూ చూశారు. ఆవిడ రెండూ చెయ్యలేదు. “మనవరాలు అడిగితే ముద్దొచ్చింది. కోడలు అడిగితే పొగరనిపించింది. ఏం చెయ్యమంటావు?” అంది. ఆ అడగడంలో ఎకసెక్కం లేదు. క్షమాపణ కూడా లేదు. ఆవిడ వయసులో చెప్పగలిగిన నిజం అంతే కాబోలు. కాసేపటికి లేచి, ఎవరి ఆసరా తీసుకోకుండా హాల్లోకి వెళ్ళిపోయింది.

పిచ్చుక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆమె పిలవలేదు. ఇంకో పొడుగు బ్రెడ్డు తీసి ముక్కలు చేసి, పెనం మీద వేడి చెయ్యడం మొదలుపెట్టింది. గుమ్మడికాయ లేదు, యాపిల్ లేదు. ఉల్లిపాయలున్నాయి, గుప్పెడు పుట్టగొడుగులున్నాయి, అడుగున కాసిని విరిగిన అక్రోట్లున్నాయి. పది నిమిషాలకి తలుపు చప్పుడైంది. పిల్ల వచ్చి, కత్తి తీసుకుని, ఆమె పక్కనే నిలబడి ఉల్లిపాయ కొయ్యసాగింది. ముక్కు ఎర్రగా ఉంది.

“నాకు కోపంగానే ఉంది,” అంది.

“ఉండనీ.”

“నాన్న మీదా ఉంది. నానమ్మ మీదా ఉంది. అందరికన్నా నీ మీద ఎక్కువ ఉంది.”

“ఉండనీ. ఇంకాస్త సన్నగా కొయ్యి.”

పిల్ల సన్నగా కోసింది. కొంతసేపటికి, “ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?” అంది.

ఆమె ఆలోచించింది. ఈ ప్రశ్నకైనా తప్పుడు జవాబు చెప్పకూడదనుకుంది. “చెబితే నువ్వు కూడా, ఒక్క ముక్కేగా అమ్మా, అంటావేమోనని భయం. నువ్వు కూడా అనేస్తే ఇంక నాకు చెప్పుకోడానికి ఎవరూ మిగలరు.”

పిచ్చుక కత్తి కింద పెట్టింది. కౌగిలించుకోలేదు. మోచేతిని ఆమె మోచేతికి ఆనించి అలా నిలబడింది. మళ్ళీ కత్తి తీసుకుంది. మూకుడులో వెన్న కరిగి చిటచిటలాడింది. ఇద్దరూ కలిసి అన్నీ అందులో వేసి, కాయగూరల నీళ్ళు చల్లి, మూత పెట్టారు. నీళ్ళు పోసేటప్పుడు గిన్నె పిల్ల చేతిలోనే ఉంది. ఆమె అడిగి తీసుకోలేదు.

భోజనానికి గంటంపావు ఆలస్యమైంది. కోడి బల్ల మధ్యలో చల్లారిపోతోంది. దాన్ని కోసి వడ్డించే పని ఎప్పుడూ ఆమెది. అందరూ అలవాటుగా ఆగారు. ఆమె కత్తి తీసుకెళ్ళి భర్త ముందు పెట్టి, తిరిగొచ్చి, పిచ్చుక పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన ఒక నిమిషం కత్తిని చూశాడు. తర్వాత లేచి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రొమ్ము దగ్గర పొడిచాడు. ఎముక అడ్డం వచ్చింది. తోలు ఒకవైపు, మాంసం ఒకవైపు పీలికలయ్యాయి. ఆడపడుచు భర్త “అలా కాదు బావా,” అంటూ చెయ్యి పెట్టబోయి, తనకీ తెలియదని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. ఆడపడుచు మూతి ముడుచుకుని తన పళ్ళెంలో పడిన పీలికల్ని చూసుకుంది. అత్తగారు వంక పెట్టకుండా తనకి వేసింది తింది.

ఆమె మూకుడు మూత తీసి, ముందు తన పళ్ళెంలో వడ్డించుకుంది. నిండుగా వడ్డించుకుంది. మొదటి ముద్ద వేడికి నాలిక కాలింది. ఉప్పు తక్కువైంది, బ్రెడ్డు ఒకవైపు గట్టిగా ఉండిపోయింది. పొద్దుటి వాసనతో పోలిస్తే ఏమంత గొప్పగా లేదు. అయినా నమిలి, నమిలి, తీరిగ్గా మింగింది. పక్కన పిల్ల కూడా తింటోంది, ముక్కు ఎగబీలుస్తూ. దాని పొట్టి జుట్టు, సన్నటి మెడ, ఎవరి అనుమతీ అడగని ఆ మోచేతులు చూస్తే మళ్ళీ కాస్త కుళ్ళు కలిగింది. ఉంటుంది, ఎక్కడికి పోతుంది. ఇంత వయసొచ్చాక మొదలుపెట్టినదానికీ, ఆ వయసులోనే దొరికినదానికీ తేడా ఉంటుంది. కానీ పొద్దుటిలా లోపల పులియడం లేదు. బల్ల మీద పెట్టేశాక అది కూడా మిగతావాటిలాగే చల్లారుతోంది.

భర్త చేతులకి అంటుకున్న కొవ్వు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఎంతసేపటి నుంచో ఏదో మథనపడుతున్నవాడిలా ఉన్నాడు. చివరికి అడిగేశాడు.

“అది సరేగానీ, వచ్చే పండుగకి కోడి ఎవరు కడుగుతారు?”

వెటకారం కాదు. నిజంగానే తెలియక అడిగాడు. ఆడపడుచు తల్లి వైపు చూసింది. తల్లి వాచిన వేళ్ళ వైపు చూసుకుంది. ఆడపడుచు భర్త నీళ్ళ గ్లాసులోకి చూశాడు. అలా బల్ల చుట్టూ తిరిగి తిరిగి, ఆ చూపులన్నీ ఒక్కొక్కటే వచ్చి, అలవాటు కొద్దీ, ఆమె మీద ఆగాయి. ఉప్పెక్కడుంది, తువ్వాలెక్కడుంది, మాత్ర ఎన్నింటికి, ఎవరేం అడిగినా జవాబు ఆ కుర్చీలోంచే రావాలి. ఇరవయ్యొక్కేళ్ళుగా వస్తూనే ఉంది.

ఆమె నోట్లోది పూర్తిగా నమిలింది. నీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టింది.

“పిచ్చుకా, ఆ మూకుడు ఇటు జరుపు,” అంది. “నేను ఇంకాస్త పెట్టుకుంటాను.”